ప్లంబర్ రాని రోజు

గోడ అవతలి నుంచి కేక వినిపించేసరికి లెక్కల మాస్టారు చీలమండల దాకా బురదలో నిలబడి ఉన్నాడు.

"ఎవరండీ అక్కడ? ముందు నీళ్ళు కట్టేయండి!"

కట్టేయడానికి వాల్వ్ ఎక్కడుందో తెలిస్తేగా! ఆ పాత ఇల్లు కొని పది రోజులే అయింది. రిపేర్లన్నీ సొంతంగా చేసుకుంటానని స్టాఫ్‌రూమ్‌లో గొప్పలు పోయాడు. రెండు వీడియోలు చూసి, పెరట్లో ఎండిన చెట్టు మొద్దు పెకలించబోయి, గునపంతో నీళ్ళ పైపును పొడిచాడు.

ఎలాగో వాల్వ్ వెతికి కట్టేసి, వెనక్కి తిరిగేసరికి ఎదురుగా పక్కింటి టైలరమ్మాయి. మెడలో కొలతల టేపు, చేతుల్లో గోడ మీదుగా చిమ్మిన బురదోడుతున్న తెల్లకోట్ల మూట.

"నర్సుల కోట్లు. నలభై. ఎల్లుండి ఇవ్వాలి. ఎవరు చేశారండీ ఈ పని?"

పది రోజులుగా కిటికీలోంచి దొంగచూపులు చూస్తున్న ముఖం అది. కోపంలో కూడా ఇంత బాగుంటారా ఎవరైనా! ఆ ముఖం ముందు చవటనని ఒప్పుకోబుద్ధి కాలేదు. గునపాన్ని వీపు వెనక్కి జరిపి, "ప్లంబరండీ. ఇప్పుడే వెళ్ళాడు" అనేశాడు.

"ఏ ప్లంబరు? పొట్టిగా, తెల్లమీసాలతో... ఆయనేనా?"

ఎవరో ఒకరులే అనుకుని తలూపాడు.

ఆమె ముఖం పాలిపోయింది. గిరుక్కున తిరిగి వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున్నే సామాన్ల సంచితో తెల్లమీసాల ముసలాయన గేటు తీసుకుని వచ్చాడు.

"నిన్న మీ పైపు పాడుచేసింది నేనేనటగా బాబూ. మా మేనకోడలు, ఆ టైలరమ్మాయి చెప్పింది."

మాస్టారు గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు.

"ఎంత గింజుకున్నా గుర్తు రావడంలేదు. పొయ్యి మీద పాలు మర్చిపోతున్నానంటే సరేలే అనుకున్నా. వచ్చిన ఇల్లే మర్చిపోతే ఎలా?" నవ్వబోయాడు ముసలాయన. నవ్వు రాలేదు. "ఇది బాగుచేసి ఇక మానేస్తా. రేపెవరింట్లోనో వాల్వ్ కట్టేయడం మరిస్తే కొంప మునుగుతుంది."

ఆ చేతులు తడబడకుండా పైపు అతుకుతుంటే మాస్టారు పక్కనే కూర్చుని రెండుసార్లు నోరు తెరిచాడు, రెండుసార్లూ మూసుకున్నాడు. బడికి టైమైందని పారిపోయాడు. ఆ రోజు బోర్డు మీద కూడికలు కూడా తప్పు చేశాడు.

సాయంత్రం వచ్చేసరికి పక్కింటి వరండాలో ముసలాయన స్పానర్లు ఒక్కొక్కటే తుడిచి అట్టపెట్టెలో సర్దేస్తున్నాడు. మేనకోడలు అటు తిరిగి కళ్ళు తుడుచుకుంటోంది. మాస్టారు ఇంకాగలేకపోయాడు. గేటు తోసుకుని లోపలికి వెళ్ళాడు.

"ఆయన రాలేదండీ. నేనే పొడిచాను, గునపంతో. మీ ముందు పరువు పోతుందని అబద్ధమాడాను. పొద్దున్న ఈయన బాధ చూసి కూడా నోరు విప్పలేదు."

స్పానరు ముసలాయన చేతిలోనే ఆగిపోయింది. "నిజంగా నేను రాలేదా?"

"లేదండీ."

"అమ్మాయ్! నా బుర్ర బాగానే ఉందే!" పగలబడి నవ్వాడు. చెంప పగలగొట్టినా బాగుండేది. ఆ నవ్వు వింటుంటే మాస్టారికి నేల చీలి అందులోకి పోవాలనిపించింది.

ఆమె మాత్రం నవ్వలేదు. "నిన్నట్నుంచి అన్నం ముట్టలేదాయన. ఏది మర్చిపోయానో అని చుట్టాల పేర్లన్నీ వల్లెవేస్తూ కూర్చున్నారు. కోట్ల మురికి ఉతికితే పోతుంది. మరి ఈ బాధ?"

మాస్టారు తల వంచుకుని, "కోట్లు నేనుతుకుతానండీ" అన్నాడు.

ఆమె బకెట్టు చూపించింది. వేళ్ళు నానిపోయేదాకా నలభై కోట్లూ ఉతికాడు. అందులో మూడు తిరిగొచ్చాయి. "కాలర్ చూశారా? మళ్ళీ!"

ఆదివారాలు ముసలాయన దగ్గర పని నేర్చుకోవడం మొదలుపెట్టాడు. ఇద్దరూ కలిసి ఇంటికప్పు పెంకులు మార్చారు, తలుపులు సరిచేశారు. పెరటిగోడకు సున్నం వేస్తుంటే ఆమె కిటికీలోంచి, "ఆ మూల వదిలేశారు" అని మాత్రం అనేది. తర్వాత్తర్వాత ఆ మూలతో పాటు టీ తాగారా అని కూడా అడిగేది.

మొదటి వాన పడ్డ సాయంత్రం మాస్టారు నిలువునా తడిసి ఆమె కిటికీ ముందు నిలబడ్డాడు. కుట్టుమిషన్ ఆగింది.

"ఏమైంది? కప్పు కారుతోందా?"

"ఒక్క చుక్క కూడా లేదండీ. మీకొకటి చెప్పాలి."

"మళ్ళీ ఏం పగలగొట్టారు?"

"ఏమీ లేదు." చూపు నేల మీదే ఉంది. "ఆ రోజు తలుచుకుంటే ఇప్పటికీ మీ ముఖం చూడలేను. అయినా ఇది దాచడం కూడా అబద్ధమే అవుతుంది. మీరంటే నాకిష్టం."

మిషన్ మళ్ళీ కదిలింది. ఆమె ఒక కుట్టు పూర్తి చేసింది. తర్వాత దారం తెంపి, "మామయ్య ఆరింటికి వస్తారు. తల తుడుచుకుని వచ్చి ఆయన్నడగండి" అంది.

"మరి మీరు?"

"ఆయన ఒప్పుకోకపోతే నేను ఒప్పిస్తాలెండి."