మేస్త్రీ ఇంట్లో మూడు రొట్టెలు

రండి, ఇంకాస్త ముందుకు జరిగి కూర్చోండి. వెనక బల్లల మీద వాళ్లు కూడా దిగి రండి. గొంతు పెంచి చెప్పే కథ కాదిది. రేపటి నుంచి మీరంతా ఆ ఆట మొదలుపెడతామంటున్నారుగా... అదే, చెట్లు కొట్టి, రాళ్లు తవ్వి, ఎవరిల్లు వాళ్లు కట్టుకునే ఆట? ఆడండి, మంచిదే. ముందు మేస్త్రీ ఇంటి సంగతి వినండి. నేను చూసింది కాదు. విన్నది విన్నట్టు చెప్తాను.

ఒక కుటుంబం వాళ్లు ఫోన్లలో కలిసి ఆడుకునే లోకం ఒకటి ఉండేది. ఆ లోకంలో కొండ మలుపు తిరగ్గానే ఒక రాతి ఇల్లు. దానికి చెడ్డ పేరు. మనిషి లేని ఆ ఇంటి కిటికీలో కాగడా వెలుగుతుంది... మూసిన తలుపు తెల్లారేసరికి తీసి ఉంటుంది...

ఆ ఇల్లు కట్టినాయన నిజంగానే తాపీమేస్త్రీ. పగలంతా నిజం ఇటుకలు పేర్చి, ఇంటికొచ్చి ఫోనులో మళ్లీ ఇటుకలు పేర్చేవాడు. "పొద్దంతా చేసింది చాల్లేదా?" అని భార్య సాధిస్తే, "ఇక్కడైతే సిమెంటు ఆరేదాకా ఆగక్కర్లేదే" అనేవాడు.

ఏడాది కిందట ఆయన పోయాడు. ఇల్లు మిగిలింది. ఒక మంచం, ఒక పెట్టె, ఒక కిటికీ.

ఆయనకో మేనకోడలు ఉంది, బట్టలు కుట్టేది. ఈ ఆట ఆమెకు కొత్త. అందులోకి లాగింది ఆమె బావ. అంటే మేస్త్రీ కొడుకు, లిఫ్టులు బాగుచేస్తాడు. మొదటి రోజు అతనే ఫోన్ చేశాడు.

"మరదలా, నాలుగు ముక్కలు చెప్తాను, చెవిన పెట్టు. ఒకటి, కాళ్ల కింద నేల తవ్వకు, ఏ గోతిలో పడతావో తెలీదు. రెండు, పొద్దుగూకేలోపు ఎక్కడో చోట తల దాచుకో. మూడు, పోతే ఏడ్చే వస్తువు సంచిలో వేసుకుని తిరక్కు. చచ్చిన చోటే సంచి రాలిపోతుంది. నాలుగు, కొండ మలుపు ఇంటి జోలికి పోకు. ఇకపోతే మంచం..."

"నాలుగూ అయిపోయాయి బావా, ఇది ఐదోది. కొలతలివ్వడానికి మనిషొచ్చింది, పెట్టేస్తున్నా."

పెట్టేసింది. పిల్లలూ, ఆ ఐదోది గుర్తుంచుకోండి.

భోజనాల వేళ దుకాణం తలుపు ఓరగా వేసి ఆట తెరిచింది. మొదటి పగలంతా గొర్రెల వెంట పడింది. ఊలు కనిపిస్తే చెయ్యి ఊరుకోదు కదా, కుట్టుపని మనిషికి. చూస్తుండగానే పొద్దు వాలింది. వీధిలో ఇంకా మిట్టమధ్యాహ్నమే, ఫోనులో మాత్రం కటిక చీకటి. ఆ చీకట్లోంచి మూలుగులు... నడిచే శవాలు... ఒకటి... రెండు... నాలుగు...

పరిగెత్తింది. కనుచూపు మేరలో ఉన్నది ఒక్కటే కప్పు. వద్దన్న ఇల్లే.

దూరి తలుపేసుకుంది. మంచం కనిపిస్తే ఎక్కి పడుకుంది. తెల్లారింది. ఏమీ కాలేదు. సంచి సర్దుకుని, తలుపు తీసే వదిలేసి బయటపడింది, ఎవరికీ చెప్పలేదు.

మర్నాడు వాగు అవతల సొంతిల్లు కట్టుకుంది. ఊలుతో తివాచీ పరిచింది, గోడలకు రంగురంగుల తెరలు వేలాడేసింది. మంచం ఒక్కటే చేసుకోలేదు. పని ఎక్కువైతే మిషను మీదే తెల్లారే మనిషి ఆమె. "రాత్రిపూట పని చేసుకోక మంచమెందుకు? ఇంత మంచి ఊలు పరుపుకి తగలేస్తానా?" అనుకుంది.

మూడో రోజు కాళ్ల కింద నేల తవ్వింది.

మీరూ తవ్వుతారు. ఎంత చెప్పినా తవ్వుతారు. కింద నిప్పుల వాగు ఉంది. తెర ఎర్రబడింది. నల్లబడింది. మళ్లీ కళ్లు తెరిచేసరికి... రాతి గోడ. ఒక కిటికీ. ఒక మంచం.

మేస్త్రీ ఇల్లు.

చేతిలో సంచి లేదు. బయట రాత్రి. పెట్టె మూత తీసింది. లోపల ఒక కాగడా, మూడు రొట్టెలు. ఎవరో ఇప్పుడే పెట్టి వెళ్లినట్టు...

భయం భయమే, ఆకలి ఆకలే. ఒకటి తినేసింది. శవాలు దగ్గరికి రాకుండా కిటికీలో కాగడా వెలిగించింది. తెల్లారగానే తలుపు బార్లా వదిలేసి ఒకటే పరుగు.

మర్నాడు కొండ మీంచి జారింది... అదే ఇల్లు. ఆ మర్నాడు వాగులో మునిగింది... అదే ఇల్లు. తిన్న రొట్టె తగ్గాలి కదా? మూత తీస్తే మళ్లీ మూడు.

ఎక్కడ చచ్చినా ఆ ఇల్లే లాక్కుంటోంది! బావతో చెబుదామంటే, వద్దన్నా ఎందుకెళ్లావంటాడు. నోరు మూసుకుంది.

శనివారం బావే ఫోన్ చేశాడు. గొంతులో ఎప్పటి వేళాకోళం లేదు.

"అమ్మ సంగతి బాగోలేదే. నాన్న ఇంట్లో వెలుగు కనిపిస్తోందట, ఆయనే వస్తున్నాడంటోంది. పుస్తకాలకి అట్టలు కుట్టే పని మూల పడింది. కంచం ముందు పెడితే, నాన్న వచ్చాడేమో చూడాలంటూ కెలికి లేస్తుంది. వారం నుంచి సరిగ్గా తిన్నది లేదు."

"అయ్యో... మరేం చేద్దామని?"

"రేపు ఆ ఇల్లు కూల్చేస్తాను. రాయి మీద రాయి ఉంచను."

"అత్తయ్య ఒప్పుకుందా?"

"అడగలేదు."

"మామయ్య చేత్తో కట్టింది బావా..."

"అందుకే కదే కూల్చేది."

ఆ మధ్యాహ్నం ఆమె ఆటలో తన ఇంటి కప్పు మీద నిలబడి దీని గురించే ఆలోచిస్తోంది. ఆలోచనలో ఒక అడుగు ఎక్కువ వేసింది.

రాతి గోడ. ఒక కిటికీ. ఒక మంచం.

కాగడా వెలిగించిందో లేదో... బయట చప్పుడు. గులకరాళ్ల మీద అడుగులు. ఆగాయి... మళ్లీ పడ్డాయి... సరిగ్గా తలుపు దగ్గర ఆగిపోయాయి.

తలుపు తెరుచుకోలేదు. తెర అడుగున అక్షరాలు మాత్రం వచ్చాయి.

"ఏమండీ... వచ్చారా?"

ఆమె కాలు మిషను తొక్కుడు మీద ఉంది. మిషను దానంతటదే జానెడు కుట్టేసింది.

మాట్లాడకపోతే అత్తయ్య ఆశ ఈ పూటకి నిలుస్తుంది. రేపు ఇల్లు పోతుంది. మాట్లాడితే ఇల్లు నిలవొచ్చు, అత్తయ్య ఆశ ఇప్పుడే పోతుంది. చివరికి అక్షరాలు నొక్కింది.

"అత్తయ్యా... నేను."

తెర అడుగున మళ్లీ అక్షరాలు వచ్చాయి.

"నువ్వా? రొట్టెలు తింటున్నదీ నువ్వేనా?"

"అవునత్తయ్యా."

"కాగడా?"

"నేనే."

"తలుపు తీసి పోయేది?"

"నేనే. దెయ్యముందని పరిగెత్తా."

"ఈ మంచం మీద ఎప్పుడైనా పడుకున్నావా?"

"మొదటి రోజు."

"పిచ్చి మొహమా! ఆఖరున ఏ మంచం మీద పడుకుంటే, చచ్చాక అక్కడే లేస్తావు. మీ బావ చెప్పలేదూ?"

"చెప్పబోయాడు. నేనే ఫోను పెట్టేశా."

తలుపు తెరుచుకుంది. ఇద్దరూ ఎదురెదురుగా నిలబడ్డారు, ఆ ఆటలో మొహాల్లో ఏ మార్పూ కనిపించదు కాబట్టి మామూలుగానే.

"వారం నుంచి నా మొగుడనుకుని నీకు రొట్టెలు కాల్చి పెడుతున్నానన్నమాట," అంది అత్తయ్య. పెట్టె మూత తీసి చూసి, "బాగున్నాయా?"

"చాలా బాగున్నాయి."

"ఆయన ఏనాడూ ఆ ముక్క అనలేదు."

ఆ సాయంత్రమే ఆవిడ కొడుకుతో చెప్పింది. "ఇల్లు ముట్టుకోకు. అది దెయ్యం కాదురా, నీ మరదలు." అతను నవ్వడం మొదలుపెట్టాడు, ఆపడానికి చాలాసేపు పట్టింది. ఇల్లు కూల్చడం మానుకున్నాడు. కుట్టుపనామె తివాచీ పీకి, ఆ ఊలుతోనే మంచం చేసుకుని సొంతింట్లో పడుకుంది. ఆదివారం పనిగట్టుకుని కొండ మీంచి దూకి చూసింది. తన ఇంట్లోనే లేచింది.

కథ అయిపోవాలి కదా? నాకు చెప్పినావిడ కూడా ఇక్కడ ఊపిరి తీసుకుంది.

ఆదివారం సాయంత్రం అత్తయ్య, ఎవరూ రారని తెలిసీ, చెయ్యి ఊరుకోక మూడు రొట్టెలు పెట్టెలో పెట్టింది. తలుపు మూసి వచ్చేసింది.

సోమవారం తలుపు తీసి ఉంది. కిటికీలో కాగడా. పెట్టెలో రెండే.

"నేను కాదత్తయ్యా, ఒట్టు. నిన్న సాయంత్రం నుంచి ఆట తెరవలేదు," అంది మేనకోడలు.

"నాన్న పోయాక ఆ గడప తొక్కితే ఒట్టు," అన్నాడు కొడుకు.

ఆ లోకంలోకి వెళ్లగలిగింది ఆ ముగ్గురే.

అత్తయ్య మరి ఎవర్నీ ఏమీ అడగలేదు. ఫోను పక్కన పెట్టి, కంచం నిండా వడ్డించుకుని కూర్చుంది. కొడుకు నోరు తెరుచుకుని చూస్తున్నాడు.

"ఇవాళ ఆకలేసిందా అమ్మా?"

"ఆయన తినకుండా నేనెప్పుడు తిన్నానురా?" అంది, ముద్ద కలుపుతూ.

ఏయ్, అలా నా మొహంలోకి చూడకండి. ఎవరు తిన్నారో నాకు తెలీదు. నాకు తెలిసింది ఒక్కటే. మొదటి రోజే ఇల్లు కట్టుకోండి, అందులో మీ మంచం వేసుకుని పడుకోండి. పెద్దవాళ్లు ఐదో ముక్క చెబుతుంటే ఫోను పెట్టేయకండి.

ఇక లేవండి, చీకటి పడుతోంది. మీరు తింటే గానీ తిననివాళ్లు మీ ఇళ్లలోనూ ఉంటారు. వెళ్లి తినండి.