609 అమ్మగారి గొడుగు

"నెగొరో, మూడు రోజులు హోటల్లో ఉంటావా?" ఉదోన్ నూడుల్స్ జుర్రుకుంటూ అడిగాడు చీఫ్ తోకునో.

రైలు వంతెన కింద, నిలబడి తినే కొట్టు అది. పైన రైలు వెళ్ళినప్పుడల్లా గిన్నెలో రసం వణుకుతుంది. దేశరహస్యాలు మాట్లాడుకోవడానికి ఒసాకా మొత్తంలో ఇంతకంటే మంచి చోటు లేదు. నీ మాట నీకే వినపడదు.

"ఏ హోటల్ సార్?" ఏజెంట్ నెగొరో షూజో కళ్ళు మెరిశాయి. పద్నాలుగేళ్ళ సర్వీసులో సముద్రం కనిపించే గది అతనికి ఒక్కసారి కూడా దొరకలేదు.

"నంబాలో సురుకామే అని చిన్న బిజినెస్ హోటల్. గది 608. పగలు గది వదలకూడదు. లైటు వెయ్యకూడదు. టీవీ పెట్టకూడదు."

మెరిసిన కళ్ళు ఆరిపోయాయి.

చీఫ్ గొంతు తగ్గించాడు. "మ్యాగ్నోలియా ముఠా మన లిస్టు కొట్టేసింది. విదేశాల్లో మనకి పనిచేస్తున్న పదకొండు మంది పేర్లు. మైక్రోఫిల్మ్ 609లో దిగిన మనిషి దగ్గరుంది. కొనేవాడు గురువారం పొద్దున సరిగ్గా పదింటికి వస్తాడు. సరుకు చేతులు ఎలా మారుతుందో తెలీదు. గోడకి చెవి పెట్టి తెలుసుకో."

"ఆ పదకొండు మందిలో..."

"ఉన్నాడు. ఇసెకి. నాలుగో పేరు."

నెగొరో చాప్‌స్టిక్స్ కింద పెట్టేశాడు. ట్రైనింగ్ రోజుల్లో తను ఈత రాక నదిలో మునిగిపోతుంటే జుట్టు పట్టి ఒడ్డుకి లాగినవాడు ఇసెకి. ఇప్పుడెక్కడో పరాయి రేవులో, ఓడలకి సామాన్లు సరఫరా చేసే గుమాస్తాగా బతుకుతున్నాడు. ఆ ఫిల్మ్ సముద్రం దాటితే వారం తిరక్కుండా ఇసెకి ఉండడు.

"నీకు కాంటాక్ట్ కిర్యూ రేయికో. తిండీ కబుర్లూ ఆవిడే తెస్తుంది. నేను హోటల్‌కి ఎదురుగా కాఫీ కొట్టులో ఉంటాను," అన్నాడు చీఫ్.

కిర్యూ రేయికో అంటే అందం, తెలివి ఒకే మనిషిలో పోస్టింగ్ అయిన అరుదైన కేసు. నెగొరోకి కాస్త ఊరట కలిగింది. మనుషుల్ని నమ్మకపోవడమే ఉద్యోగమైనవాడు కూడా ఎవరో ఒకర్ని నమ్మకుండా ఉండలేడు కదా.

సెల్‌ఫోన్లు లేని రోజులవి. సురుకామేలో బయటికెళ్ళే ప్రతి మనిషీ గది తాళం కౌంటర్‌లో ఇచ్చి వెళ్ళాలి. కౌంటర్ వెనకాల హుక్‌కి తాళం వేలాడుతుంటే ఆ గదిలో మనిషి లేడని అర్థం. ముఠావాళ్ళు ఎక్కడినుంచైనా ఆ హుక్కుల మీద కన్నేసి ఉంచుతారు. అందుకే నెగొరో రోజూ పొద్దున ఎనిమిదింటికి తాళం ఇచ్చి, ఆఫీసుకి పోతున్నట్టు బయటికి నడిచి, వెనక మెట్ల మీదుగా ఆరో అంతస్తు ఎక్కి, దొంగతాళంతో గదిలోకి దూరేవాడు. తలుపుకి "శుభ్రం చెయ్యవద్దు" కార్డు తగిలించేవాడు. లెక్క ప్రకారం, రాత్రి మళ్ళీ తాళం తీసుకునేదాకా అతను గదిలో లేడు.

లేని మనిషి దగ్గకూడదు. తుమ్మకూడదు. కుళాయి తిప్పకూడదు. మంచానికీ గోడకీ మధ్య మోకాళ్ళు పట్టేంత జాగా. కిటికీ పిడికిలి పట్టేంత తెరుచుకుని ఆగిపోతుంది. బయట ఎడతెగని జూన్ వాన. ఎలక్ట్రిక్ షేవర్‌లా కనిపించే వినికిడి యంత్రాన్ని గోడకి ఆనించి, నెగొరో నోట్‌బుక్ తెరిచి కూర్చున్నాడు. పక్కగదిలో ఒక మగమనిషి దగ్గుతున్నాడు. అప్పుడప్పుడూ గొంతు సవరించుకుంటున్నాడు. అంతకుమించి చప్పుడు లేదు. మూడో రోజుకి నోట్‌బుక్‌లో రెండు వందల పన్నెండు దగ్గులు నమోదయ్యాయి. ఈ గదిలోనే ముసలివాణ్ణయిపోతానేమోనని నెగొరోకి నిజంగానే భయం వేసింది.

వరండాలో ఇంకో గొంతు కూడా వినిపించేది. గదులు శుభ్రం చేసే కుమె ఫుసాఏ. అరవై దాటిన మనిషి. తనలో తాను మాట్లాడుకోవడం ఆవిడకి అలవాటు.

"ఈ 608 బాబుకేం రోగం? మూడు రోజులైంది, తువ్వాళ్ళు మార్చనివ్వడు. అదేం కంపు కొడుతుందో లోపల!"

ఒకసారి ఎవరో కళ్ళజోడు మర్చిపోయి వెళ్ళారని, కౌంటర్‌లో ఉండే నివా గారిని ఫోన్లో అరిచి వీధిలోకి పరిగెత్తించింది. ఇంకోసారి ఎవరినో నిలదీసింది. "అమ్మా, అమ్మా! ఆ తడి గొడుగు పైకెందుకు తెస్తున్నారు? కింద స్టాండ్ ఉంది కదా. నా కార్పెట్ చూడండి, చెరువైపోయింది!"

గురువారం పొద్దున తొమ్మిదింటికి తలుపు మీద రెండు, ఒకటి, రెండు దెబ్బలు పడ్డాయి.

"ఏసీ బాగా పనిచేస్తోందా?" బయటినుంచి రేయికో గొంతు.

"మా మేనత్తకి సరిపోతుంది," సంకేతానికి జవాబిచ్చాడు నెగొరో గుసగుసగా.

రేయికో లోపలికొచ్చింది. నీలం రంగు రెయిన్‌కోట్, చేతిలో అన్నం ముద్దల సంచీ, మోచేతికి పారదర్శకమైన ప్లాస్టిక్ గొడుగు. ఒసాకాలో వాన పడితే ప్రతి రెండో మనిషి చేతిలోనూ ఉండే గొడుగే.

"పాపం నెగొరో గారూ, ఎంత చిక్కిపోయారో!" అంటూ హ్యాండ్‌బ్యాగ్‌లోంచి లిప్‌స్టిక్ తీసింది. తీసి, పెదాలకి రాసుకోకుండా అతని గుండెకి గురిపెట్టింది.

"దీన్లో ఒకే తూటా. ఒకటి చాలు. బాత్రూంలోకి నడు."

మూడేళ్ళుగా "మీరు" అన్న మనిషి ఒక్క క్షణంలో "నువ్వు"కి దిగింది. తూటాకంటే ముందు తగిలింది అదే.

మంచం పక్కనే మెట్టెక్కితే బాత్రూం. తొట్టీ, కమోడూ, బేసినూ అన్నీ ఒకే ప్లాస్టిక్ డబ్బాలో. తొట్టి పక్క గోడకున్న ఉక్కు కడ్డీ వెనక్కి అతని రెండు చేతులూ పోనిచ్చి బేడీలు వేసింది. నోట్లో తువ్వాలు కుక్కి, ఇంకో తువ్వాలుతో గట్టిగా కట్టింది.

"609లో దిగింది నేనే," అంది తీరిగ్గా. "ఆ దగ్గు టేప్ రికార్డర్. తోకునో ముసలాయన కాఫీ కొట్టులో కూర్చుని దగ్గే మగాడికోసం ఎదురుచూస్తున్నాడు. నీ రిపోర్టులన్నీ ఆయనకి ఇచ్చింది నేనే కదా!"

గూఢచారులకి ఒక జబ్బుంది. గెలిచాక నోరు మూసుకోలేరు. రేయికో గొడుగు ఎత్తి చూపింది.

"ఫిల్మ్ ఈ పిడిలో ఉంది. పదింటిదాకా లాబీలో కూర్చుంటా. మావాడు లోపలికి రాగానే దీన్ని స్టాండ్‌లో పెట్టేసి టాక్సీ ఎక్కుతా. ఆ నలభై గొడుగుల్లో ఏదో అతనికెలా తెలుస్తుందనా? ఇదిగో, ఎర్ర దారం." పిడి దగ్గర సన్నటి ముడి. "నీ తాళం హుక్‌కి వేలాడుతోంది. తలుపుకి కార్డుంది. రాత్రిదాకా నిన్నెవరూ వెతకరు. అన్నం ముద్దలు అక్కడ పెట్టి వెళ్తున్నా, తర్వాత తిందువుగాని."

తలుపు మూసుకుంది. తొమ్మిది ఇరవై.

నెగొరో కడ్డీని లాగాడు. కదల్లేదు. కాళ్ళు ఎత్తి గోడని తన్నాడు. ఆ వేళకి ఆరో అంతస్తంతా ఖాళీ, వినేవాళ్ళు లేరు. ఊపిరి ముక్కులోంచి ఈలలా వస్తోంది. ఇసెకి గుర్తొచ్చాడు. ఆ రోజు నదిలో నెగొరో చేసింది ఏమీ లేదు, ఇసెకే చేశాడు. ఇప్పుడు ఇసెకికి తాను తప్ప ఎవరూ లేరు. తానేమో స్నానాల గదిలో కట్టేసి ఉన్నాడు. ఏడుపొచ్చింది.

కళ్ళు తుడుచుకోవడానికి కూడా చేతులు లేవు. ఆ తడి కళ్ళతోనే కిందికి చూస్తే మాసిన తువ్వాళ్ళు కనిపించాయి. మూడు రోజులుగా మార్చనివి.

కాలి వేళ్ళతో ఒక్కొక్కటే లాగి నేల మీది తూము కన్నంలో కుక్కాడు. తొట్టి బిరడా గొలుసు బొటనవేలికి చిక్కించుకుని కన్నం మూశాడు. తర్వాత కుళాయి. మూడుసార్లు పాదం జారింది. నాలుగోసారి మడమతో తన్నితే తిరిగింది. నీళ్ళు దూకాయి. ఇక చెయ్యగలిగింది లేదు. తొట్టి అంచు మీద కూర్చుని, నీళ్ళు అంగుళం అంగుళం పైకి రావడం చూస్తూ ఉండిపోయాడు. ఇంత నిదానంగా నిండే తొట్టిని కనిపెట్టినవాణ్ణి అరెస్టు చెయ్యాలనిపించింది.

తొట్టి పొంగింది. నేల నిండింది. మెట్టు దాటి నీళ్ళు గదిలోకి పారాయి. తలుపు కిందినుంచి వరండాలోకి పోయి ఉంటాయి, ఎందుకంటే ఉన్నట్టుండి ఒక కేక వినపడింది.

"నా కార్పెట్!"

మాస్టర్ తాళం తిరిగింది. ఫుసాఏ బాత్రూం తలుపు తెరిచి, చీపురు పట్టుకుని నోరెళ్ళబెట్టింది. బేడీల్ని చూసింది. నోటి కట్టు చూసింది. ఆవిడ నోట్లోంచి వచ్చిన మొదటి మాట ఇది:

"మీరు బయట కదా ఉన్నారు! మీ తాళం కింద హుక్‌కి ఉంది కదా!"

"మ్మ్! మ్మ్!"

ఫుసాఏ కుళాయి కట్టేసి, నోటి కట్టు విప్పింది. "ఎవరు చేశారు బాబూ ఈ పని? ఉండండి, మేనేజర్ని పిలుస్తా."

"టైమెంత పిన్నిగారూ?"

"పదికి మూడు నిమిషాలుంది."

నెగొరో బుర్ర గిర్రున తిరిగింది. గూఢచారులు, మైక్రోఫిల్మ్ అని చెబితే ఈవిడ మేనేజర్ని పిలుస్తుంది. మేనేజర్ టోక్యో హెడ్డాఫీసుని అడుగుతాడు. వాళ్ళు కాగితం మీద రాసి పంపమంటారు. ఈ హోటల్లో ఎవర్నీ అడక్కుండా, ఏ కాగితమూ లేకుండా, మనిషి ప్రాణం పెట్టి పరిగెత్తే సందర్భం ఒక్కటే ఉంది. మూడు రోజులు గోడల మధ్య పడి ఉండి అతను నేర్చుకున్నది అదొక్కటే.

"పిన్నిగారూ, 609 అమ్మగారు గొడుగు మర్చిపోయి వెళ్ళిపోతున్నారు."

ఫుసాఏ ముఖం మారిపోయింది. "ఇంత వానలోనా? ఎర్ర దారం కట్టిన గొడుగేనా? నా కార్పెట్ మీద నీళ్ళు కార్చిందే, అదేనా?"

"అదే! స్టాండ్‌లో ఉంది. కిందికి ఫోన్ చెయ్యండి. తొందరగా!"

ఆవిడ మంచం మీదుగా దూకి ఫోనందుకుంది. చేతులు కడ్డీకే ఉండిపోయిన నెగొరోకి బాత్రూంలోంచి ఆవిడ వీపు మాత్రమే కనిపిస్తోంది.

"నివా గారూ, 609 అమ్మగారి గొడుగు! ఎర్ర దారం! ఏంటీ, ఇప్పుడే బయటికెళ్ళారా? పరిగెత్తండి మరి! ఏమన్నారు? ఎవరో విదేశీ దొర పట్టుకున్నాడా? ఆయనదెలా అవుతుందండీ, అమ్మగారిదైతే! తీసుకోండి, తీసుకోండి!"

ఆవిడ రిసీవర్‌ని చెవికి గట్టిగా నొక్కుకుంది.

"పిన్నిగారూ, ఏమైంది?"

"ఫోన్ పడేసి పోయాడు బాబూ. ఎవరో అరుస్తున్నారు. ఆ దొరే అయ్యుంటాడు." ఫుసాఏ కిటికీ దగ్గరికెళ్ళి, ఆ పిడికిలంత సందులోకి ముక్కు దూర్చింది. "ఆఁ! నివా గారు వచ్చారు. చేతిలో గొడుగుంది. యాభై ఏడేళ్ళ మనిషి ఎలా పరిగెడుతున్నాడో చూడండి! టాక్సీ కదిలింది... అయ్యో... సిగ్నల్! ఎర్ర లైటు పడింది!"

"తర్వాత?"

"అద్దం మీద కొడుతున్నారు. అమ్మగారు వద్దంటోంది. చెయ్యి ఊపుతోంది. నివా గారు వంగి దణ్ణం పెడుతున్నారు. ఆవిడ మళ్ళీ వద్దంటోంది. ఇదేం మనిషి, సొంత గొడుగు వద్దంటుంది? టాక్సీ డ్రైవర్ కూడా దిగాడు. అతనూ దణ్ణం పెడుతున్నాడు. లైటు మారింది, ఎవరూ కదలరే! అదిగో, మూల మీద పోలీసు ఔట్‌పోస్ట్‌లోంచి కానిస్టేబుల్ వస్తున్నాడు. జేబులోంచి కాగితం తీశాడు."

"ఏ కాగితం?"

"వద్దంటే పోయిన వస్తువు కింద రాసుకోవాలి కదా. పేరూ, ఊరూ, సంతకం."

నెగొరోకి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. మూడు రోజులు తనని పాతేసిన గోడలు ఇప్పుడు నడివీధిలో రేయికో చుట్టూ లేచాయి. ఆ మర్యాదలోంచి తప్పించుకోవడం ఎవరి తరమూ కాదు.

"పిన్నిగారూ, ఎదురు కాఫీ కొట్టు నంబర్..."

"నాకు నోటికొచ్చు. కాఫీ కావాలా బాబూ?"

"కిటికీ పక్క టేబుల్ దగ్గరున్న బట్టతలాయనకి రెండు మాటలు చెప్పండి. దగ్గు లేదు. గొడుగు."

అయిదు నిమిషాల్లో చీఫ్ మనుషులు రేయికోని టాక్సీలోంచి దింపారు. అప్పటికీ ఆవిడ కాగితం సగం కూడా నింపలేదట. సురుకామే లాబీలో మిగిలిన ముప్పై తొమ్మిది గొడుగుల పక్కన నిలబడి, తన గొడుగు ఇప్పించమని ఇంకా అరుస్తున్న దొరగారు కూడా దొరికాడు. ఫిల్మ్ పిడిలోనే ఉంది. బేడీల తాళంచెవి రేయికో బ్యాగ్‌లో దొరికేదాకా నెగొరో తొట్టి అంచు మీదే కూర్చుని, ఫుసాఏ తినిపిస్తే అన్నం ముద్దలు రెండూ తిన్నాడు. జీవితంలో అంత రుచైన అన్నం తినలేదు. ఇసెకి బతికాడు.

పది రోజుల తర్వాత టోక్యోలో, తలుపుకి బోర్డు లేని ఆఫీసులో, చీఫ్ తోకునో టేబుల్ మీద ఒక పొట్లం కూర్చుని ఉంది. ఇస్త్రీ చేసిన నెగొరో చొక్కా. దాని మీద తళతళా తోమిన బేడీలు. పైన ఒక ఉత్తరం.

"బాబుగారికి, మీరు మర్చిపోయిన సామాన్లు పంపుతున్నాను. రిజిస్టర్‌లో మీరు రాసిన చిరునామాలో శ్మశానం ఉందట. చొక్కా కాలర్‌లో లాండ్రీ చీటీ కనిపిస్తే, వాళ్ళకి ఫోన్ చేసి మీ ఆఫీసు కనుక్కున్నాను. ఆలస్యానికి క్షమించండి. కార్పెట్ ఆరింది. కుమె ఫుసాఏ."

చీఫ్ ఆ ఉత్తరం రెండుసార్లు చదివాడు. మూడు దేశాల గూఢచారులు పదేళ్ళుగా వెతుకుతున్న ఆఫీసు అది.

"నెగొరో, రేపే ఆఫీసు మారుస్తున్నాం. కొత్త చిరునామా ఆవిడకి తెలియకూడదు."

"సరే సార్," అన్నాడు నెగొరో తల వంచి. "ఇక్కడ ఏదీ మర్చిపోకుండా మారదాం."