మణికంఠన్ వాచీలో మూడక్షరాలు

"ఏంటండీ చేతికి? దెబ్బ తగిలిందా?"

కోసపాళయంలో యూపీఎస్‌లు బాగుచేసే కొట్టు అది. ఆఫీసు యూపీఎస్‌ని కౌంటర్ మీద ధబ్బున పెట్టి అడిగింది భానుశ్రీ. ముందు వచ్చీరాని తమిళంలో అడిగింది. అతను బిక్కమొహం వేసేసరికి విసుగొచ్చి తెలుగులోకి దిగింది.

"దెబ్బ కాదు. వాచీ" అన్నాడు మణికంఠన్, తెలుగులోనే.

ఆమె నోరు తెరుచుకుంది. గుమాస్తా ఉద్యోగానికి యానాం నుంచి ఈ తమిళ ఊరికి వచ్చి నాలుగు నెలలు. ఫోన్లో తప్ప ఆమెతో తెలుగు మాట్లాడిన మనిషి లేడు.

"మీరు తెలుగా?"

"ఇంట్లో తెలుగే. మావోళ్ళు విల్లియనూరు పక్క సేద్యగాళ్ళు. ఈడికొచ్చి ఎన్ని తరాలాయెనో ఎవురికి తెలుసు?"

అగ్గిపెట్టెంత సర్క్యూట్ బోర్డు, దాని మీద ఎర్ర చుక్కల దీపాలు, పాత తోలు పట్టీ. చిప్పులో ప్రోగ్రాం కూడా అతనే రాశాడు. బజారు నిండా వాచీలుండగా ఇదెందుకూ అంటే, అద్దె గదిలో ఒంటరి సాయంత్రాలు గడవాలి కాబట్టి. అంతకంటే గొప్ప కారణం చెప్పేవాణ్ణి నమ్మకండి.

"టైమెంత?"

బటన్ నొక్కాడు. నాలుగూ డెబ్భై మూడు.

"డెబ్భై మూడు నిమిషాలా!"

"అరవై కాడ ఆగమని దానికి చెప్పడం మరిచిపోయినా."

ఆమె పగలబడి నవ్వింది. ఆ నవ్వుతో ఆ కొట్టుకి శనివారాలు వచ్చాయి. యూపీఎస్ బాగైపోయినా ఆమె ప్రతి శనివారం వస్తూనే ఉంది. అండీ పోయి నువ్వు వచ్చింది. వాచీ కూడా అరవై దగ్గర ఆగడం నేర్చుకుంది.

"ఉత్త అంకెలేనా? నొక్కగానే ముందు తెలుగులో ఏదైనా రావాలి" అందొకరోజు.

మణికంఠన్ చేతిలోని స్క్రూడ్రైవర్ కింద పెట్టాడు. అతనికి తెలుగు మాట్లాడడమే వచ్చు, చదవడం రాదు. బడిలో తమిళం, ఇంగ్లీషు. వాళ్ళమ్మ తెలుగులో తిడుతుంది, తమిళంలో సంతకం పెడుతుంది. ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. అయినా సిగ్గుపడ్డాడు, వెధవ సిగ్గు.

"నువ్వే రాయి. ఈ గళ్ళు నింపు చాలు" అని గళ్ళ కాగితం తోశాడు.

ఆమె పెన్సిల్ తీసుకుంది. అరగంట పట్టింది. చెవులు ఎర్రబడ్డాయి. మూడక్షరాలు. నల్లబడిన గడినల్లా అతను ఒక్కొక్కటిగా చిప్పులోకి ఎక్కించాడు. దానికి చదువు అక్కర్లేదు.

మరుసటి శనివారం ఆమే బటన్ నొక్కింది. ఎర్రగా మూడక్షరాలు నడిచి వెళ్ళాయి, వెనకే టైము.

"చదివావా?"

"చదవకుండానా?"

"అయితే ఏమంటావు?"

"బాగుండాది."

"అంతేనా?"

"వెలుగు కొంచెం తక్కువైంది. సరిచేస్తా."

భానుశ్రీ సంచీ భుజానికి తగిలించుకుని వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు.

అతను ఆమె హాస్టల్ దాకా రెండుసార్లు వెళ్ళాడు, రెండుసార్లూ గేటు నుంచే తిరిగొచ్చాడు. ఏం తప్పు చేశానని అడగాలి? అక్టోబరు వానలు మొదలయ్యాయి. బీచ్ రోడ్డు మీద ఒక్కడే నడిచేవాడు. వారానికి గంటసేపు వినబడే తెలుగు ఆగిపోతే చెవులకే ఆకలేస్తుందని అప్పుడు తెలిసింది. రోజుకి వందసార్లు బటన్ నొక్కేవాడు. టైము కోసం కాదు. అవి ఆమె పేరులోని అక్షరాలనుకున్నాడు, అందుకు.

ప్రేమకి భాషతో పనిలేదంటారు కొందరు. శుద్ధ అబద్ధం.

జనవరిలో ఓనరు త్యాగరాజన్ తమిళంలో చల్లగా చెప్పాడు: "ఆ యానాం మేడమ్‌కి సొంతూరికే ట్రాన్స్‌ఫర్ అయిందంట. సాయంత్రం చెన్నై బస్సుకి పోతుందంట."

సైకిలు తొక్కుతూ మణికంఠన్ ఒకటే అనుకున్నాడు. పరువు పోతే పోనీ. ఇప్పుడు చెప్పకపోతే ఆమె ఎనిమిది వందల కిలోమీటర్ల అవతల.

బస్‌స్టాండులో పెట్టె మీద కూర్చుని ఉంది.

"నాకు తెలుగు చదివేదానికి రాదు" అన్నాడు ఒక్క ఊపిరిలో.

"ఏంటీ?"

"మాట్లాడతా, అంతే. నువ్వు రాసింది ఏందో నాకు తెలీదు. నీ పేరనుకున్నా."

భానుశ్రీ పెట్టె మీంచి లేచింది. "మూడు నెలలు చేతికి కట్టుకు తిరిగావే! ఇష్టం లేదని మొహం మీద చెప్పలేక మాట మార్చావనుకున్నాను. నేను ఎంత ఏడ్చానో తెలుసా? తెలీకపోతే ఒక్కమాట అడగొచ్చు కదా!"

"ఏమని?"

"అదే రాశాను మొద్దూ! 'అడుగు' అని."

కండక్టరు విజిలేశాడు. మణికంఠన్ ఆమె ముందుకొచ్చి నిలబడ్డాడు.

"ఇప్పుడు అడగొచ్చా?"

"బస్సు వెళ్ళిపోయాక అడుగుతావా?"

"నన్ను పెండ్లి చేసుకుంటావా?"

ఆమె చున్నీతో కళ్ళు తుడుచుకుంది. "నేను ఒప్పుకుంటే చాలదు. మా నాన్నకి తమిళం రాదు. ఆయనకి ఉత్తరం రాయి. తెలుగులో, నీ చేత్తో. ఒకటో తరగతి వాచకం పోస్టులో పంపిస్తాను." బస్సెక్కింది. కిటికీలోంచి చెయ్యి ఊపలేదు, ఏడుస్తోంది.

వాచకం వచ్చింది. పాతికేళ్ళవాడు గదిలో ఒక్కడే కూర్చుని అ ఆలు దిద్దాడు. చెప్పేవాడు లేడు, తప్పంటే తప్పనేవాడు లేడు. రెండు నెలలకి ఒక పేజీ ఉత్తరం తయారైంది. పోస్టు చేశాడు. వారం, రెండు వారాలు, మూడు. జవాబు లేదు.

నాలుగో వారం కొట్టులో ఫోను మోగింది.

"మణికంఠన్ అంటే నువ్వేనా? యానాం నుంచి నూకరాజుని. భానుశ్రీ నాన్నని."

"చెప్పండి సార్."

"ఉత్తరం ఎవరిచేతనైనా రాయించావా?"

"లేదు సార్, నేనే రాసినా."

"అవున్లే, రాయించుకుంటే ఇన్ని తప్పులుండవు. ఇరవై మూడు! పెళ్ళిని 'పెండ్లి' అన్నావు. అదీ తప్పే అనుకున్నా. మీవైపు మాట అదేనంటూ మా అమ్మాయి పోట్లాటకొచ్చింది. సరే, దాన్ని కొట్టేశా. ఇరవై రెండు."

మణికంఠన్ ఫోను రెండో చెవికి మార్చుకున్నాడు.

"ఏమయ్యా, ఉన్నావా?"

"ఉండా సార్."

"ఆయ్, ఇలాంటివి ఫోన్లో కుదరవు. నువ్వే వచ్చి దిద్దుకో. మీ అమ్మగారినీ తీసుకురా."