ఉతికినా పోని విషం

ఏజెంట్ పెంచలకృష్ణ శవం తోటపల్లి గూడూరులో రొయ్యల గుంట గట్టున దొరికింది. ఒంటిమీద గాయం లేదు. ఉన్నదల్లా కొత్త రక్షణ సూట్.

"చంపింది ఆ బట్టే. దానికంటిన రసాయనం చర్మంలోంచి నరాల్లోకి దిగుతుంది," అన్నాడు చీఫ్ విజయభాస్కర్.

"ఎవరి పని సార్?" అడిగాడు ఏజెంట్ రూఫస్.

"విదేశీ ముఠా. సేవ పేరుతో కూలీలకు సూట్లు పంచుతోంది. ఎంత విషానికి ఎందరు పడిపోతారో చూసుకుని ఆ విషాన్ని అమ్మకానికి పెడుతుంది. తర్వాతి పంపిణీ ఏ ఊళ్లోనో ఎవరికీ చెప్పరు. నువ్వు వాళ్ల లారీతోనే పోవాలి. లోపల మన మనిషి ఉంది. కోడ్, ఉప్పుగాలి."

రూఫస్ హమాలీ వేషంలో ముఠా గోదాముకు చేరాడు. చేతికి ట్రాన్స్‌మిటర్ వాచీ. విషం సోకితే దాని అద్దం ఎర్రబడుతుంది. గేటు దగ్గర ముఠా కెమిస్ట్ ప్రేమలీల సూట్ అందించింది. చూపు తిప్పుకోలేని అందం. గాజులు మాత్రం సన్నగా వణుకుతున్నాయి.

"ఉప్పుగాలికి ఒళ్లు మండతా ఉంది మేడమ్."

ఆమె గొంతు తగ్గించింది. "ఇది తొడుక్కుంటేనే లారీ ఎక్కనిస్తారు. మిమ్మల్ని చూసి జనం నమ్మాలంట."

"ఉతికి తొడుక్కుంటే?"

"ఉతికినా పోదన్నా. మొగుళ్ల సూట్లు ఉతికిన ఆడోళ్లే ముందు పడిపోయినారు. నాకూ పట్టుకునింది."

వాచీ ఎర్రబడింది. రూఫస్‌కు భార్య అబిగయీలు గుర్తొచ్చింది. కళ్లు మూసుకుని సూట్ తొడుక్కున్నాడు.

లారీ వాకాడు దాటి సముద్రం ఒడ్డున ఆగింది. జనం ఎగబడ్డారు. చెంచమ్మ అనే కూలీ అప్పటికే సూట్‌లోకి చెయ్యి దూర్చబోతోంది.

"వద్దక్కా! విషం!" రూఫస్ దాన్ని లాగిపారేశాడు.

ముఠా నాయకుడు మార్కస్ పిస్టల్ ఎత్తాడు. తుపాకీ పేలింది. కూలింది మార్కస్. పేల్చింది ప్రేమలీల. వాచీ సిగ్నల్ పట్టుకుని కమాండోలు దిగేసరికి ఆమె ఇసుకలో కూలబడి ఉంది, చేతిలో పిస్టల్ నిలవడం లేదు.

వాకాడు తీరం బతికింది. తోటపల్లి గూడూరులో అప్పటికే సూట్లు తొడుక్కున్నవాళ్ల మాటేమిటని రూఫస్ కమాండోలతో వచ్చిన డాక్టర్‌ని అడిగాడు.

"విరుగుడు లేదు," అన్నాడాయన, రూఫస్ కళ్లలోకి చూడకుండా.

అప్పుడే చీఫ్ ఫోన్.

"శభాష్ రూఫస్! మిషన్ సక్సెస్. వారం సెలవు తీసుకో."

వణికే వేళ్లతో రూఫస్ ఫోన్‌ని చెవికి అదిమిపట్టుకున్నాడు.

"చాలదు సార్. కొంచెం పెద్ద సెలవే పెట్టేట్టున్నా."