చేను కడిగిన ఆదివారం

ఆ ఆదివారం పొద్దున మల్లవ్వ పప్పులో పోపు పెట్టబోతూ, కరివేపాకు కోసం డాబా మీదికెళ్ళి రెండు రెబ్బలు తుంచుకొచ్చింది. వంటగట్టు మీద పెట్టి చూస్తే ఆకుల అంచులన్నీ గోధుమరంగుకు తిరిగి మాడిపోయి ఉన్నాయి.

"రోజు చెంబెడు నీళ్ళు పోస్తున్న. ఒక్కనాడు తప్పలే. గీ కల్యమాకు చెట్టుకు ఏం రోగం వచ్చిందో," అంది కోడలి వైపు చూస్తూ.

కోడలు ఆమని చెవి దగ్గర ఫోను ఉంది. అటు వైపు వాళ్ళ నాన్న బుచ్చిబాబు. కృష్ణా డెల్టాలో అట్టడుగున, ఇంకో నాలుగు మైళ్ళు నడిస్తే సముద్రమే అన్నంత దూరంలో ఆయన పొలం. ఆదివారం వచ్చిందంటే ఆయనకు కూతురికి చెప్పుకునే కష్టం ఒక్కటే ఉంటుంది.

"కాలువలో నీళ్ళు మళ్ళీ ఉప్పగా వస్తున్నాయే అమ్మలూ. పైనున్నవాళ్ళందరూ నీళ్ళు తెగ పొదుపు చేస్తున్నారని మీ ఆఫీసువాళ్ళే చెబుతారు కదా. ఆ మిగిలిన నీళ్ళేవో మా దాకా వచ్చింది లేదు."

"మళ్ళీ చేస్తాను నాన్నా. ఇవాళ ఇక్కడ పనుంది," అని ఆమని ఫోను పెట్టేసింది.

పని నిజంగానే ఉంది. పదకొండింటికి నరసింహమూర్తి అనే వెంచర్ ఆయన వస్తాడు. మామగారు రామస్వామి సంతకం పెడితే ఎకరంనర చేను ప్లాట్లయిపోతుంది.

ఈ రామస్వామి నాచారంలో ఒక ఇంజనీరింగ్ ఫ్యాక్టరీలో ముప్ఫై రెండేళ్ళు లేత్ మిషన్ మీద పనిచేసినవాడు. ఉప్పల్ దాటి, మూసీ ఒడ్డున ఉన్న ఆ చేనుకు డ్యూటీకి ముందు ఒకసారి, తర్వాత ఒకసారి వెళ్ళొచ్చేవాడు. రిటైరయ్యాక పూర్తిగా అక్కడే. ఉప్పల్‌కు మెట్రో వచ్చింది, చుట్టుపక్కల చేలన్నీ రాళ్ళు పాతిన ప్లాట్లయ్యాయి. ఈయన మాత్రం కదల్లేదు. కొంటామని వచ్చినవాళ్ళకు చాయ్ పోయించి, గోంగూర కట్టలు చేతిలో పెట్టి సాగనంపేవాడు. అట్లాంటి మనిషి పది రోజుల కిందట అన్నం తింటూ, "అమ్మేద్దాం," అన్నాడు. ఐదేళ్ళుగా అదే మాట చెప్పి చెప్పి అలసిపోయిన కొడుకు దయాకర్‌కు ముద్ద గొంతులో అడ్డం పడింది. సంతోషపడాలో వద్దో అతనికి ఆ రోజు నుంచీ అర్థం కావడం లేదు.

ఆమనికి మాత్రం కారణం అర్థమయ్యే ఉంది. కనీసం తను అలా అనుకుంది. ఆమె పనిచేసేది ఉప్పల్‌లోనే, మూసీ మొదలుకుని కృష్ణ దాకా ఏ చేనుకు ఎన్ని నీళ్ళు పడుతున్నాయో చూసే ఆఫీసులో. నాలుగేళ్ళ కిందట కోడలిగా వచ్చిన మొదటి వారమే మామగారి వెంట చేనుకు వెళ్ళి మట్టి చేతిలోకి తీసుకుని వాసన చూసింది. ఆ రోజే రామస్వామికి ఈ పిల్ల తెగ నచ్చేసింది. ఆ మరుసటి ఏడాది ఆమె మాట విని మూసీ మురికి కాలువ నీళ్ళు మానేశాడు, బోరు వేయించాడు, డ్రిప్ పైపులు పరిచి బోరుకు మీటరు బిగించాడు. అంతకుముందు ఎక్కువగా గడ్డే పెరిగే చేనులో కొత్తిమీర, గోరుచిక్కుడు విరగకాశాయి. అందరికన్నా తక్కువ నీళ్ళతో పండించిన రైతని ఆమె ఆఫీసువాళ్ళు మీటింగు పెట్టి మరీ శాలువా కప్పారు. ఆ ఫొటో టీవీ పక్కన ఇప్పటికీ ఉంది.

ఈ ఏడాది గోరుచిక్కుడు ఆకులు అంచుల నుంచి ఎండిపోయాయి. కొత్తిమీర మొలవనే లేదు. నేల మీద తెల్లటి పొర తేలింది. చౌడు. ఆ పొర చూసొచ్చిన రాత్రి ఆమని, "మట్టి పరీక్షకు పంపిస్తాను. నా పైపుల వల్ల చేను పాడైందని తేలితే, ఆఫీసులో అదే రాసిస్తాను," అంది. మర్నాడే మామగారు అమ్మేద్దామన్నాడు. ఇంకేం కావాలి అర్థం చేసుకోవడానికి? తన మీద నమ్మకం పోయింది. నోరు తెరిచి తిట్టలేదంతే.

టిఫిన్లయ్యాక రామస్వామి బీరువాలోంచి కాగితాల సంచీ తీసి కుర్చీలో కూర్చున్నాడు. ఆమని వచ్చి ఎదురుగా నిలబడింది.

"మామయ్యా, ఒక్క వారం ఆగండి. పరీక్ష రానివ్వండి."

"పరీక్ష ఎందుకు బిడ్డా. కండ్లకు కనవడ్తలేదా. నేల తెల్లగైంది, ఇంక పండది."

"ఎందుకు తెల్లగైందో తెలియాలి కదా."

"తెలిసి ఏం జేస్తం," అని ఆయన సంచీ తాడు విప్పాడు.

వంటగదిలోంచి మల్లవ్వ వచ్చింది. పది రోజులుగా మింగుకున్నదంతా ఆమె గొంతులోకి వచ్చేసినట్టుంది. "ఎందుకంటే నేను జెప్త. ముప్పై ఏండ్లు కాలువ నీళ్ళు పారినయి, అప్పుడు లేని ఉప్పు ఇప్పుడు ఎక్కడికెల్లి వచ్చింది? ఆ సన్న పైపులు పెట్టినంకనే గదా. చెప్పొద్దనే అనుకున్న. ముసలోనికి తిండి పోతలేదు, నిద్ర వస్తలేదు. ఎన్నొద్దులు ఊకోవాలె నేను?"

"ఊకో మల్లవ్వా," అన్నాడు రామస్వామి.

"నువ్వే ఊకో. కోడలిని ఒక్క మాట అననియ్యవు. నువ్వు లోపల్లోపల ఎండిపోతవు."

దయాకర్ టీవీ ఆపేసి లేచాడు. "అమ్మా, జర ఆగు. నాకు ఒక్కటి సమజైతలేదు. నేను అమ్ముదామంటే నాయిన వద్దన్నడు. నాయిన అమ్ముతా అంటే నాకే పానం ఒప్పుతలేదు. ఆమనేమో ఆగుమంటది, నువ్వేమో ఆమెదే తప్పంటవు. నేను ఎవరి దిక్కు మాట్లాడాలె?"

ఆమని కళ్ళు నిండిపోయాయి. "అత్తయ్య అన్నది నిజమే. పైపులు వేయించింది నేనే," అని మెట్లెక్కి డాబా మీదికి వెళ్ళిపోయింది.

పైన ఆరేసిన బట్టల చాటున నిలబడి కొంగుతో ముఖం తుడుచుకుంటుంటే కరివేపాకు కుండీ కనబడింది. దగ్గరికెళ్ళి వంగి చూసింది. మట్టి మీద తెల్లటి పొర. చేనులో చూసింది అచ్చం ఇదే. వేలితో గీరి నాలుక మీద పెట్టుకుంటే ఉప్పగా, కొంచెం చేదుగా తగిలింది. కుండీని ఓ పక్కకు వంచింది. అడుగున నీళ్ళు కారే రంధ్రానికి గుడ్డపేలిక కుక్కి ఉంది.

కోడల్ని ఏడిపించానని మనసు పీకి వెనకాలే వచ్చిన మల్లవ్వ మెట్ల దగ్గర ఆగిపోయింది.

"అత్తయ్యా, దీనికి ఏ నీళ్ళు పోస్తారు?"

"మంచినీళ్ళ మిషన్ ఇడుస్తది సూడు, ఆ నీళ్ళు. బకెట్‌ల పట్టి పెడ్త. గన్ని నీళ్ళు మోరిల పోస్తే పాపం గాదా?"

"మరి ఈ గుడ్డ?"

"కింద కారి డాబా మరకలైతున్నది. అందుకే పెట్టిన."

ఆమని కుండీ పక్కనే చతికిలబడింది. "ఆ మిషన్ మంచినీళ్ళు మనకిచ్చి, ఉప్పంతా ఈ నీళ్ళలోకి వదులుతుంది అత్తయ్యా. మీరు చెంబెడు పోస్తే చెట్టు నీళ్ళు తాగేస్తుంది, ఉప్పు మట్టిలో ఉండిపోతుంది. రేపు ఇంకో చెంబెడు, ఇంకాస్త ఉప్పు. అప్పుడప్పుడు మంచినీళ్ళు బిందెడు కుమ్మరిస్తే, ఆ కన్నంలోంచి ఉప్పు కొట్టుకుపోయేది."

"అయ్యో, అంటే నీళ్ళు పొదుపు జేసి చంపిన్నా నేను?" అంది మల్లవ్వ దిగులుగా.

ఆ మాటకు ఆమని తల ఎత్తింది. చేను సంగతీ ఇంతే కదా. బోరు నీళ్ళలో కాస్త ఉప్పుందని, అది నేలలో పేరుకుంటుందని తనకు మొదటి రోజే తెలుసు. అందుకే పదిహేను రోజులకోసారి వాల్వు పూర్తిగా తిప్పి, అర పూట నీళ్ళు పారించి చేను కడగమని మామయ్యకు చెప్పింది. క్యాలెండర్‌లో ఆ తేదీలకు ఎర్ర పెన్నుతో సున్నాలు చుట్టింది కూడా. మరి కడిగిన చేనుకు ఉప్పెలా పట్టింది?

గబగబా కిందికి దిగి వంటింటి తలుపు దగ్గరికి వెళ్ళింది. ఆ ఇంట్లో పాత క్యాలెండర్ తీసేయరు, అదే మేకుకు కొత్తది దాని మీద తగిలిస్తారు. మామగారికి లేత్ మిషన్ నాటి అలవాటు, రోజూ సాయంత్రం చేనులో మీటరు చూసి, ఇంటికొచ్చి ఆ రోజు పారిన నీళ్ళెన్నో ఆ తేదీ కింద పెన్సిల్‌తో అంకె వేస్తాడు. ఆమని పైపులు వేసిన ఏడాది నుంచీ పేజీలు ఒక్కొక్కటే తిరగేసింది. మామూలు రోజుకు ఎన్ని నీళ్ళో, ఎర్ర సున్నా రోజుకూ అన్నే. ఒక్క మొదటి సున్నా దగ్గర మాత్రం కాస్త ఎక్కువ.

"మామయ్యా, మీరు కడగలేదు," అంది ఆమని.

రామస్వామి చేతిలో కాగితాలు ఒళ్ళోకి జారాయి. కొడుకు వైపు చూశాడు, భార్య వైపు చూశాడు. తప్పించుకునే దారి కనబడలేదు.

"మొదటిసారి తిప్పిన బిడ్డా. వాల్వు మొత్తం తిప్పంగనే మీటరు గిర్రున తిరగబట్టింది. నాకు గుండె దడదడ. ఆ లెక్క సాయంత్రం నీ ఫోన్లకు పంపాలె, నువ్వు ఆఫీసుల జూపియ్యాలె. ఆమని మామనే నీళ్ళు పారబోసిండని అందరు నవ్వుతరేమో అనిపించింది. గంట గాకముందే బంద్ చేసిన. మళ్ళ ఎన్నడు తిప్పలే."

"నాతో చెప్పొచ్చు కదా."

"తక్కువ లెక్క పంపిననాడు నువ్వు ఎంత సంబురపడేదానివి. దానికి తోడు శాలువా గప్పిరి. అది కప్పుకున్నంక ఏ ముఖం పెట్టుకొని చెప్త?"

"మరి అమ్మడం దేనికి మామయ్యా?"

ఆయన ఒళ్ళోని కాగితాలు దగ్గరికి సర్దుకున్నాడు. "తప్పు నీ పైపులదే అని రాసిస్తానంటివి. నేను జేసిన దానికి నీ పేరు ఎందుకు పోవాలె? చేనే లేకపోతే పరీక్ష లేదు, రాసేది లేదు అనుకున్న."

ఆమని అక్కడే నేల మీద కూర్చుండిపోయింది. ఏడుపు ఆపుకోవాలని కూడా చూడలేదు. ఆ అంకెలు రోజూ సాయంత్రం తన ఫోనుకే వచ్చాయి. నెలనెలా తగ్గుతుంటే మురిసిపోయి రంగుల గీతలు గీసి అందరికీ చూపించింది. చేను కడిగితే అంకె పెరగాలి కదా, పెరగలేదేమిటని ఒక్కసారైనా అడిగిందా? అడగలేదు. అడిగితే ఆ గీత పాడవుతుంది. మామయ్య భయపడి దాచాడు, తగ్గే అంకె మీది ఇష్టంతో తను చూడలేదు. ఆ మాటే పైకి చెప్పింది, ఆయన మోకాలి మీద తల ఆనించి.

"ఏడ్వకు బిడ్డా," అంటూ రామస్వామి భుజం మీది తువ్వాలతో కళ్ళు తుడుచుకున్నాడు.

మల్లవ్వ పక్కన కూర్చుని కోడలి వీపు నిమిరింది. "అన్నీ తెలిసినోళ్ళు మీరిద్దరు. నా అసుంటి దానికి పైపులు కనవడ్డయి, పైపుల మీద పడ్డ. మనసుల పెట్టుకోకు."

అప్పుడే దయాకర్ ఫోను మోగింది. నరసింహమూర్తి, ఉప్పల్ చౌరస్తా దాటానంటున్నాడు. "అన్నా, ఇయ్యాల గాదన్నా... మంచిగనే ఉన్నరు అందరు. ఏడుస్తున్నరు గానీ మంచిగనే ఉన్నరు. మళ్ళ నేనే చేస్త అన్నా," అని పెట్టేసి, తను చెప్పింది సరైనదో కాదో తెలియక తండ్రి వైపు చూశాడు. రామస్వామి కాగితాలు సంచీలో పెట్టి తాడు బిగించాడు.

మధ్యాహ్నానికి నలుగురూ చేనులో ఉన్నారు. పల్లపు వైపున నీళ్ళు బయటికి పోయే చిన్న కాలువ ఉండేది. నీళ్ళు పారక రెండేళ్ళుగా పూడిపోయి ఉంది. తండ్రీకొడుకులు పార పట్టి దాన్ని మూసీ దాకా తవ్వారు. మల్లవ్వ పిచ్చిమొక్కలు పీకి గట్టుమీద వేసింది.

"ఇవాళ ఒక్కరోజుతో పోదు. వానాకాలమంతా కడగాలి. అయినా పూర్తిగా పోతుందని చెప్పలేను," అంది ఆమని. వాల్వు మీద చెయ్యేసి, తిప్పకుండా ఆగిపోయింది. కొత్త సందేహం వచ్చి పడింది. ఇక్కడ కడిగిన ఉప్పు మూసీలో కలుస్తుంది. మూసీ పోయి కృష్ణలో కలుస్తుంది. కృష్ణ చివర నాన్న పొలం. ఏది మంచో ఏది చెడో తెలియని అయోమయంలో గట్టు మీద నుంచే తండ్రికి ఫోను చేసి ఉన్నదున్నట్టు చెప్పింది.

బుచ్చిబాబు అంతా విన్నాడు. "పిచ్చిదానా, మీ దగ్గర్నుంచి ఉప్పొక్కటే వస్తుందా, వెంట నీళ్ళు కూడా వస్తాయిగా. మేం ఎప్పుడూ చేసేది ఇదే, నీళ్ళు నిలగట్టి వదిలేస్తే ఉప్పు కిందికి జారుతుంది. మా కింద సముద్రం ఉంది, దానికేం బరువు. మధ్యలో ఎవరూ నీళ్ళు బిగబట్టకుండా ఉంటే చాలు. బావగారిని వదలమను."

"మా నాన్న వదలమంటున్నారు మామయ్యా," అంది.

రామస్వామి వాల్వు పూర్తిగా తిప్పాడు. నీళ్ళు తెల్లటి పొర మీదికి పాకి, దాన్ని కరిగించుకుంటూ చేనంతా పరుచుకున్నాయి. పక్కన మీటరు ముల్లు గిరగిరా తిరగసాగింది. పావుగంటకే ఆయన ముఖంలో రంగు మారింది. చెయ్యి వాల్వు మీదికి పోయింది. ఆమని ఆ చెయ్యి పట్టుకుంది. ఆమె చూపు కూడా మీటరు మీదే ఉంది, లోపల ఎంత వద్దనుకున్నా అంకెలు లెక్కపెడుతూనే ఉంది.

"దీన్ని జూస్కుంట ఊకునుడు మన ఇద్దరితోని గాదు బిడ్డా," అన్నాడు రామస్వామి.

భుజం మీది తువ్వాల తీశాడు. శాలువా కప్పినట్టే, మీటరు చుట్టూ జాగ్రత్తగా కప్పి కొసలు లోపలికి దోపాడు. తర్వాత మామా కోడళ్ళిద్దరూ దానికి వీపు తిప్పి గట్టు మీద కూర్చున్నారు. పల్లంలో, కాలువలోకి నీళ్ళు దిగుతున్న చప్పుడు వినబడుతోంది.