నమ్మిక మణి, నల్ల గింజ

పిల్లలూ, మొదటే చెప్పేస్తున్నాను. ఈ కథలో ఆవగింజంత అబద్ధం కూడా లేదు. సాక్ష్యం కావాలా? ఇందులో రాబోయే నమ్మిక మణి తాలూకు ముక్క ఒకటి నా వక్కాకు సంచిలోనే ఉంది. చూసినవాళ్ళ కళ్ళు బైర్లు కమ్ముతాయి కాబట్టి చూపించను. ఇక వినండి.

మొగిలిగడ్డ రాజ్యంలో నేల ఎరుపు, వాన తక్కువ, సజ్జ పంట ఎక్కువ. పొద్దున సజ్జ రొట్టె, సాయంత్రం సజ్జ సంకటి. ఒక ఏడు పైరు పూత మీద ఉండగా ముసురు పట్టి వదల్లేదు. ఆ పంట ఇళ్ళకు చేరిన తరువాత జనాన్ని ఒక వింత జబ్బు పట్టుకుంది. అది నిద్ర. నాగలి పట్టినవాడు సాలు మధ్యలోనే ఒరిగిపోయేవాడు. కుమ్మరి పచ్చికుండను దిండు చేసుకునేవాడు. కోట కాపలావాడు తలుపులు బార్లా తెరిచి గుర్రు పెట్టేవాడు. మెలకువగా ఉన్నవాళ్ళకు తల తిరుగుడు, వాంతులు.

నిద్ర కంటే పెద్ద జబ్బు అనుమానం. పొరుగింటివాళ్ళు మందు పెట్టారని వీళ్ళు, వీళ్ళే చేతబడి చేయించారని వాళ్ళు. అందరూ కలిసి అనుమానించింది మాత్రం కొండమీది విద్యాపీఠాన్ని. అక్కడి పండితులు కిందికి దిగరు, ఎవరితోనూ మాట్లాడరు, అద్దాలు పెట్టి గింజలను తేరిపార చూస్తారు. అలాంటివాళ్ళను అనుమానించక ఇంకెవరిని అనుమానిస్తారు?

నిజానికి జబ్బు మూలం కనిపెట్టింది ఆ పండితులే. ముసురు పట్టిన ఏడు కొన్ని కంకులకు తేనెలాంటి బంక కారి, గింజ ఉండవలసిన చోట కొమ్ములాంటి నల్లటి గింజ పుడుతుంది. అదే విషం. కానీ మొగిలిగడ్డలో ఆ నల్ల గింజకు వేరే పేరుంది, అమ్మవారి కాటుక. అది కనబడిన కంకిని కళ్ళకద్దుకుని దాచి, తిరగలిలో విసిరి, ఆ పిండితో చేసిన మొదటి ముద్ద ఇంటి తల్లికి పెట్టడం వాళ్ళ ఆచారం. అందుకే ఆ రాజ్యంలో అందరికంటే ఎక్కువగా తూగింది తల్లులే.

పండితులు రాజుగారి చేత దండోరా వేయించారు. "శ్యామబీజ సంసర్గ జనిత తంద్రా ప్రకోపంబు నివారింపబడవలయు!" అని అరిచి దండోరావాడు వెళ్ళిపోయాడు. జనానికి అర్థమైంది ఒక్కటే, పైవాళ్ళ కన్ను తమ గింజల మీద పడిందని. తరువాత నచ్చచెప్పడానికి వచ్చిన విద్యార్థులను కల్లాల నుంచి చేటలతో తరిమికొట్టారు.

అప్పుడు పీఠాధిపతి విరూపాక్షయ్య తన శిష్యురాలు సుంకమ్మను పిలిచాడు. ఆమెది కొండ కిందిపల్లె. తల్లి తిప్పక్క కల్లంలో సజ్జలు తూర్పారబట్టి ఆమెను పెంచింది. సుంకమ్మ ఇంటికి వెళ్ళేసరికి తిప్పక్క పొయ్యి ముందు కూర్చునే తూగుతోంది. కొంగు మంటకు జానెడు దూరంలో ఉంది.

"అమ్మా! కొంగు!"

తిప్పక్క ఉలిక్కిపడి లేచింది. "ఏమ్మే, నువ్వా? యాల వచ్చినావు? పైనోళ్ళు పంపినారా?"

"అమ్మా, ఆ నల్ల గింజ తినొద్దు. తంద్రా ప్రకోపం..."

"చూడు, అప్పుడే వాళ్ళ మాట వచ్చేసింది నోట్లోకి! కొండెక్కినాక నువ్వు మా పిల్లవు కావు. అమ్మవారి కాటుకను పారబొయ్యమంటావా? వాళ్ళకు ఈ గింజతో ఏం పనుందో ముందు అది చెప్పు." అంటూనే తిప్పక్క కళ్ళు మళ్ళీ మూతపడ్డాయి.

సుంకమ్మ పొయ్యి ఆర్పి, తల్లిని పక్కకు చేర్చి, ఏడ్చుకుంటూ కొండెక్కింది. ఇంకోసారి ఆ కొంగు పొయ్యిలో పడితే? పిలిచి లేపడానికి ఎవరుంటారు?

"చెబితే వినరు. నమ్మించాలి," అన్నాడు విరూపాక్షయ్య. "పెద్దడవి అవతల కొమ్మురాయుడనే రాక్షసుడి దగ్గర నమ్మిక మణి ఉంది. అది బుగ్గన పెట్టుకుని ఏం చెప్పినా విన్నవాళ్ళు నమ్మి తీరతారు. తెస్తావా?"

ఇన్నాళ్ళూ ఆ మణి ఊసెత్తని గురువు ఇప్పుడెందుకు ఎత్తాడని ఆమెకు అనుమానం వచ్చింది. అయినా బయలుదేరింది.

అడవి మొదట్లోనే దారికి అడ్డంగా దున్నపోతంత ఏదుపంది పడుకుని ఉంది.

"ఆగు పాపా. యాడికి, యాలకు? చెప్పి పో. నాకు అర్థం కాని మాట ఒకటి చెవిన పడితే ఒక ముల్లు లేస్తాది. లేచిన ముల్లు ఊరికే ఉండదు."

సుంకమ్మ పీఠంలో నేర్చుకున్న పాఠం గుక్కతిప్పుకోకుండా ఒప్పజెప్పింది. "శ్యామబీజము పుష్పదశలో..." అనేసరికి ఏదుపంది వీపు వెదురు పొదలా లేచింది. రివ్వున ఒక ముల్లు వచ్చి ఆమె జడను చెట్టుకు దిగేసింది.

"ఇంకోటి వదలమంటావా?"

"వద్దొద్దు! సజ్జ కంకిలో పాలగింజ ఉండాల్సిన చోట నల్ల కొమ్ము పుడుతుంది. అది తిని మా అమ్మ పొయ్యి దగ్గర నిద్రపోతోంది. నాకు భయంగా ఉంది."

ముళ్ళన్నీ మెల్లగా వాలిపోయాయి. "ఈ మాట మొదలే చెప్పుంటే నీ జడ బాగుండేది కదా?" అని అది పక్కకు జరిగింది.

తరువాత ఒక వాగు. మోకాలి లోతు కూడా లేదు. సుంకమ్మ అందులోకి దిగగానే నీళ్ళలోంచి ముసలి గొంతు వినిపించింది.

"ఆ నల్ల గింజ గురించి నీకెంత తెలుసు, అమ్మాయీ?"

"అంతా తెలుసు," అంది ఆమె. నీరు నడుముదాకా లేచింది.

"నిజంగానా?"

"మా గురువులకు అంతా తెలుసు!" నీరు గొంతుదాకా వచ్చి కాళ్ళు తేలిపోయాయి.

"తెలియదు! పక్కపక్క చేలల్లో ఒకదానికి ఎక్కువగా, ఇంకోదానికి తక్కువగా ఎందుకొస్తుందో మాకు తెలియదు. ఎంత తింటే ఎవరికి ఎంత నిద్రో కూడా తెలియదు. తింటే నిద్ర వస్తుందని మాత్రం తెలుసు!" అని అరిచింది సుంకమ్మ.

నీరు చీలమండలకు దిగిపోయింది. ఆమె తడిసిన పావడా పిండుకుని, వాగు వైపు గుర్రుగా చూసి ముందుకు నడిచింది.

కొమ్మురాయుడి కోట తలుపు తెరిచే ఉంది. పోరాటం లేదు, పొడుపుకథ లేదు. దూలాల్లాంటి కొమ్ములతో రాక్షసుడు ఎదురొచ్చి, "మణి కోసమా? ఇదిగో, తీసుకోమ్మా," అని చేతిలో పెట్టాడు. ఇంత సులువుగా ఇచ్చేదాన్ని ఎవరైనా అనుమానించాల్సిందే. సుంకమ్మ మణిని బుగ్గన పెట్టుకుని, "రాయుడు మామా, నీకసలు కొమ్ములే లేవు," అంది.

రాక్షసుడు తల తడుముకున్నాడు. కొమ్ములు చేతికి తగులుతూనే ఉన్నాయి. అయినా ముఖం చిన్నబుచ్చుకుని, "అవును, లేవు పాపం," అంటూ లోపలికి వెళ్ళబోయి రెండు కొమ్ములూ ద్వారబంధానికి తగిలించుకుని వెల్లకిలా పడ్డాడు.

సుంకమ్మ ముందు నవ్వింది. తరువాత, ఇది అబద్ధాన్నీ నమ్మిస్తుందని తోచి, మణిని ఉమ్మేసి అడిగింది. "మామా, నాకంటే ముందు దీన్ని ఎవరైనా తీసుకెళ్ళారా?"

"చాన్నాళ్ళ కిందట మీ రాజ్యపోడే ఒకడు. ముసురుకు పాడైన సజ్జలు అమ్ముడుపోక ఏడుస్తా వచ్చినాడు. ఇది నల్ల గింజ కాదు, అమ్మవారి కాటుక అని ఊరూరా చెప్పి, అమ్ముకుని, మణి నా మొహాన కొట్టి పాయె. వాడు పోయినా వాడి మాట పోలే."

"ఆ మాట పోవాలంటే?"

"మణిని పగలగొట్టల్ల. కానీ చూసుకో, అప్పుడు నీ మాటా ఎవరూ ఊరికే నమ్మరు."

నమ్మించే మణి చేతిలో ఉంది. తల్లి పొయ్యి దగ్గర ఉంది. సుంకమ్మ లెక్క వేసుకుంది. తాను నమ్మిస్తే తల్లి రేపే లేస్తుంది. ఎల్లుండి ఈ మణి ఎవడి బుగ్గన ఉంటుంది? వాడేం చెబుతాడు?

"అనుమానించనీ," అని మణిని గడప మీద పెట్టి రాయితో కొట్టింది. అది పిండి పిండై గాలికి లేచిపోయింది. ముక్క కూడా మిగల్లేదు.

మరి నీ సంచిలో ఉన్నదేమిటి తాతా అంటారా? వక్క. అడక్కుండా నమ్మేశారు కదూ! ఇకనైనా నా మీద ఒక కన్నేసి ఉంచండి.

సుంకమ్మ ఈసారి కొండెక్కలేదు. నేరుగా కల్లానికి వెళ్ళింది. అప్పటికే అక్కడ గొడవ. "కాటుకని ఎవడు చెప్పినాడు? ఎవరైనా చూసినారా?" అని జనం మొదటిసారిగా ఆ మాటనే అనుమానిస్తున్నారు. తిప్పక్క చేటకు ఆనుకుని తూగుతోంది.

"అమ్మా, నా మాట నమ్మొద్దు. ఒక కుండ నీళ్ళు, ఉప్పు ఇయ్యి. గుడ్డు వేస్తే తేలేంత ఉప్పు కలుపుదాం. గింజలు నువ్వే పొయ్యి."

తిప్పక్క పోసింది. కలిపింది. మంచి గింజలు అడుక్కు దిగాయి. నల్లవి పైకి తేలాయి.

"తేలితే ఏమాయె? కాటుకైనా తేలుతాది," అంది పక్కవీధి ఓబులక్క.

"తేలడం విషమనడానికి రుజువు కాదత్తా. ఏరడానికి సులువని మాత్రమే. రుజువు ఎట్లాగో నువ్వే చెప్పు."

తిప్పక్క ఆవులిస్తూనే తీర్పు చెప్పింది. "మా వీధోళ్ళం కడిగినవి తింటాం. ఓబులక్కా, మీ వీధోళ్ళు ఎట్లా మానరు కదా, మీ ఇష్టం. ఎవురు గుర్రు పెడతారో ఊరే చూస్తాది."

"వద్దమ్మా, వాళ్ళకు కీడు..."

"నువ్వు చెప్తే మానుతారా? చూసి మానుతారు."

సుంకమ్మ మాత్రం ఓబులక్క వీధిలో ఇంటింటికీ తిరిగి, పొయ్యిల దగ్గర కాపలా కాసింది. కొద్ది రోజుల్లోనే తిప్పక్క వీధిలో రోకళ్ళ చప్పుడు మొదలైంది. ఓబులక్క వీధిలో గుర్రు తప్ప ఏమీ వినబడలేదు. రోకళ్ళ చప్పుడుకు లేచిన ఓబులక్క కళ్ళు నులుముకుంటూ, "ఒసే, ఆ ఉప్పు ఇట్లా తే," అని కేకేసింది. తిప్పక్క కూతుర్ని కావలించుకుని, "నా బిడ్డ చెప్పిందే నిజం!" అని ఊరందరి ముందూ కన్నీళ్ళు పెట్టుకుంది.

మొగిలిగడ్డ మేలుకుంది. రాజు సుంకమ్మకు అర్ధరాజ్యం ఇస్తానన్నాడు. ఆమె దాని బదులు విద్యాపీఠాన్ని ఇమ్మని అడిగింది. అప్పటినుంచి అక్కడి కుర్రవాళ్ళు ఏం నేర్చుకున్నా ముందు కల్లానికి దిగి, పని చేసుకుంటున్నవాళ్ళకు చెప్పాలి. విన్నవాళ్ళ చేతిలో చేట ఆగి, నోట ప్రశ్న వస్తే కుర్రవాడికి పాఠం వచ్చినట్టు. తెలియనిది తెలియదనాలి. చూపించగలిగింది చూపించాలి. వాళ్ళను పరీక్షించే మొదటి గురువుగా తిప్పక్కను నియమించారు. ఆవిడ చేతిలో నెగ్గినవాళ్ళు తక్కువ. విరూపాక్షయ్య కూడా దండోరా మాటలు మానుకోవడానికి రెండుసార్లు పరీక్షకు కూర్చున్నాడు.

ఇక మీరు అనుమానంగా చూస్తున్నారు, తెలుసు. ఇందులో నేను కల్పించింది ఏమిటో చెప్పేస్తాను. ఏదుపంది కాదు, రాక్షసుడూ కాదు, వాళ్ళ జోలికి పోకండి. ఉప్పునీళ్ళా? ఇంటికి పోయి కుండలో వేసి చూసుకోండి. నేను కల్పించింది ఆ కన్నీళ్ళు, ఆ కావలింత. మీకు అలాంటివి ఇష్టమని పెట్టాను. బిడ్డ చెప్పిందే నిజమని తిప్పక్క ఎన్నడూ అనలేదు. కుండలోకి చూసి, "ఉప్పు దండిగా వేసినావు," అని మాత్రం అంది. కానీ మరుసటి ఏడు కొత్త సజ్జలు ఇంటికి రాగానే, ఎవరూ చెప్పకముందే, కుండలో గుడ్డు వేసి చూసింది ఆవిడే.