జయరాం ఆపేసిన వాచ్‌డాగ్

“ప్రతాప్ భర్త. రెబెకా భార్య. జయరాం, నువ్వు రిసీవర్ కాడ.”

అసైన్‌మెంట్ అంతే. చీఫ్ నాగలక్ష్మమ్మ ఫైలు మూసేసింది.

“భర్త వేషం నేనేస్తా మేడం,” అన్నాడు ఏజెంట్ జయరాం.

“రెబెకాను నువ్వు చూసే చూపుకి మొదటిరోజే దొరికిపోతావు. కూచోప్పా.”

ప్రతాప్ నవ్వాడు. జయరాంకి ఒళ్లు మండింది.

మడకశిర అవతల ఎండిన చెరువులో కొత్త డ్రోన్‌కి రహస్య ట్రయల్. గాల్లోకి లేచిన డ్రోన్‌ని రేడియో సిగ్నల్‌తో లాక్కుపోవాలని ఒక విదేశీ ముఠా ప్లాన్. రెబెకాను ఆ ముఠా తమ మనిషే అనుకుంటోంది; భర్తతో పాటు ఆమె మకాం వాళ్ల మధ్యే. వాళ్లు ఏ ఛానల్ వాడతారో తెలియగానే ఆమె కమ్మలోని మైక్‌లో కోడ్ చెప్పాలి. మడకశిర బస్సు అంటే ఒకటో ఛానల్, కణేకల్ బస్సు అంటే రెండోది. జయరాం విని ఆ ఛానల్ బ్లాక్ చేయాలి.

ఆ చెరువు పక్కనే శెనక్కాయ చేల మధ్య రేకుల షెడ్డులో, మోటార్ మెకానిక్ వేషంలో జయరాం హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాడు. వినిపించిందేమిటి? “ఏమే, కాఫీ తాగుతావా?” అని ప్రతాప్, దానికి రెబెకా నవ్వు. నటనే. అయినా అంత బాగా నటించాలా?

రిసీవర్‌ని నడిపే డ్రైవర్ సాఫ్ట్‌వేర్‌లో వాచ్‌డాగ్ అనే కాపలా ప్రోగ్రామ్ ఉంటుంది. కాసేపు ఏమీ వినబడకపోతే, రిసీవర్ మొరాయించిందేమోనని దాన్ని రీసెట్ చేస్తుంది. రీసెట్ అయినప్పుడల్లా నాలుగు మాటలు ఎగిరిపోతాయి. వాళ్లిద్దరి మాటల్లో ఒక్కటి కూడా పోవడం జయరాంకి ఇష్టంలేదు. ఎవరికీ చెప్పకుండా వాచ్‌డాగ్‌ని ఆపేశాడు.

ట్రయల్ రోజు పొద్దున హెడ్‌ఫోన్లు మూగబోయాయి. రిసీవర్ మీద పచ్చలైటు వెలుగుతూనే ఉంది. స్క్రీన్ మీద ఎర్రర్ లేదు.

అయితే గుసగుసలన్నమాట. మైక్‌కి చెయ్యి అడ్డం పెట్టుకుని మరీ! జయరాం పళ్లు నూరాడు.

అంతలో త్రీఫేజ్ కరెంటు వచ్చింది. చుట్టూ బోర్ల మోటార్లన్నీ ఒక్కసారి గుయ్యిమన్నాయి. రోజూ ఆ క్షణాన స్టార్టర్ల రొదకి స్క్రీన్ మీద నాయిస్ గీత ఎగిరిపడేది. ఈరోజు కదల్లేదు.

అప్పుడు అర్థమైంది జయరాంకి. వాళ్లు మాట్లాడటం మానలేదు, రిసీవరే వినడం మానేసింది. ముఠా గాల్లోకి వదిలిన దొంగ డేటా ప్యాకెట్ ఏదో మింగి హ్యాంగయింది. రెబెకా ఎంతసేపట్నుంచి పిలుస్తోందో!

డ్రైవర్‌ని రీలోడ్ చేశాడు. లాభం లేదు. చిప్‌కి పవర్ తీసేసి మళ్లీ ఇచ్చాడు. బయట డ్రోన్ పైకి లేచింది. దేవుళ్లందరికీ మొక్కుకున్నాడు.

నాయిస్ గీత ఎగిరింది.

“మడకశిర బస్సు! ఎన్నిసార్లు చెప్పల్లప్పా, మడకశిర బస్సు!”

“ఎవరితో మాట్లాడుతున్నావ్?” ఎవరిదో కొత్త గొంతు. వెంటనే పిస్తోలు ఎక్కుపెట్టిన చప్పుడు, క్లిక్‌మని.

జయరాం ఒకటో ఛానల్‌ని బ్లాక్ చేశాడు. ముఠా మకాం ఉన్న కొండవైపు ఒరిగిన డ్రోన్ తూలి, నిలదొక్కుకుని వెనక్కి తిరిగింది. హెడ్‌ఫోన్లలో పెనుగులాట. తర్వాత ప్రతాప్ కేక: “చేతులు పైకెత్తండ్రా!” ఆ గొంతు వినడం జయరాంకి జీవితంలో మొదటిసారి సంతోషమనిపించింది.

సాయంత్రం చీఫ్ ముందు రెబెకా నిలదీసింది. “అన్నిసార్లు పిలిస్తే పలకలేదే?”

“మీరిద్దరూ గుసగుసలాడుతాండారనుకున్నా. అందుకే... వాచ్‌డాగ్ కూడా నేనే ఆపినా.”

“నా తలకాడ పిస్తోలు పెట్టినారు. నీకేమో కడుపుమంట!”

జయరాం తల ఎత్తలేకపోయాడు. తప్పు చేశానని నిజంగానే సిగ్గేసింది.

“వీనికి ఇదే శిక్ష,” అంది నాగలక్ష్మమ్మ. “వచ్చేసారి భర్త జయరాం. పిస్తోలు ముందర నిలబడితే ఎట్లుంటాదో తెలుసుకోనీ. రిసీవర్ కాడ ప్రతాప్ కూచుంటాడు.”

ప్రతాప్ మొహం మాడింది. జయరాం బయటికి వస్తూనే వాచ్‌డాగ్‌ని ఆన్ చేసి, ప్రతాప్ దాన్ని ఆపేయకుండా అతనికి తెలియని పాస్‌వర్డ్ పెట్టేశాడు.